అత్త ఏడ్చిన పాట

మీ గురువెవరండీ అని అడుగుతారు, స్టేజీ దిగీ దిగకముందే మైకు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాగాలూ తాళాలూ నేర్చుకున్నవాళ్ళకి గురువులుంటారు. నేను నర్సీపట్నం నుంచి నాతవరం పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో, మోకాలి లోతు బురదలో నడుం వంచి నారు నాటుతూ పాట పట్టుకున్నదాన్ని. "మా అత్తండీ" అంటాను. వాళ్ళు నవ్వేసి, అది రాసుకోకుండా, ఇంతవరకు ఎన్ని దేశాలు తిరిగారని అడుగుతారు. దేశాల మాట దేవుడెరుగు, నేను ఒరిస్సా బోర్డరు కూడా దాటలేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఆవిణ్ణి ఇచ్చింది ఊళ్ళోనే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. మావయ్య తాండవ కాలవ మీద లస్కరు. నీళ్ళు వదిలే రోజుల్లో గేట్ల దగ్గరే కాపలా, అక్కడే తిండి, అక్కడే పడక. మాట పొదుపు మనిషి. అత్త పదిమాటలంటే ఆయన ఒక్క "ఊ" అనేవాడు, అది కూడా అత్త నోరు ఆగాకే.

మా వైపు ఊడుపుల్లో, అంటే నాట్లలో, పాట ఒకరు ఎత్తాలి, వరసలో మిగతావాళ్ళు వంత పలకాలి. ఎత్తే మనిషి మంచిదైతే పొద్దూ తెలియదు, నడుం నొప్పీ తెలియదు. అందుకే రైతులు ముందు మా అత్త ఇంటికి వచ్చి, ఆవిడ వస్తానంటేనే మిగతా ఆడవాళ్ళని పిలుచుకునేవారు. అత్త గొంతు సన్నం కాదు, తీపీ కాదు. కొంచెం బొంగురు. కానీ రెండు మళ్ళ అవతల ఉన్నవాళ్ళు కూడా పని ఆపి తల ఎత్తేవారు. నేను గట్టు మీద నారు కట్టలు అందిస్తూ అన్నీ వినేదాన్ని. ఒకసారి వింటే నాకు వచ్చేసేది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. కొందరికి పళ్ళు ఎత్తుగా వస్తాయి, నాకు చెవి అలా వచ్చింది.

అత్తకి ఒక్కడే కొడుకు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వాడికి నాలుగు. నా చంక దిగేవాడు కాదు, దించితే కరిచేవాడు. తల్లి చెవి తమ్మె రెండు వేళ్ళతో పట్టుకుంటే తప్ప వాడికి నిద్ర వచ్చేది కాదు. "నా సెవి సాగిపోయి బుజాల మీదకొచ్చీసేలాగుంది" అని అత్త మురిపెంగా విసుక్కునేది. తొంభైలు మొదలైన ఏడాది, ఊడుపులు జోరుగా సాగుతున్న రోజుల్లో, వాడికి జ్వరం తగిలింది. రెండో రోజుకి వాడు లేడు. వాణ్ణి ఇప్పుడు తలుచుకున్నా నా చంక బరువెక్కుతుంది.

మా ఆడవాళ్ళ ఏడుపుకి మాటలుంటాయి. శోకం పెట్టడం అంటారు. కట్టిన రాగం, అప్పటికప్పుడు పుట్టే మాట. శోకంలో ఏమైనా అనొచ్చు. దేవుణ్ణి తిట్టొచ్చు, మొగుణ్ణి తిట్టొచ్చు, బతికున్నంతకాలం దాచుకున్నది బయట పెట్టేయొచ్చు. విన్నవాళ్ళు ఆ గుమ్మం దాటాక ఆ మాట మళ్ళీ నోట పలకకూడదు. ఆ మనిషితో అసలే అనకూడదు. పలికితే చావు ఇంకో గుమ్మం ఎక్కుతుందని నమ్మకం. నమ్మకం సంగతి నాకు తెలియదు గానీ, ఆ కట్టుబాటు లేకపోతే ఏ ఆడదీ మనసు తీరా ఏడవలేదు.

ఆ రోజు అత్త పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏడ్చింది. ఇంట్లో ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. కాలవ మీద నుంచి పిలిపిస్తే వచ్చిన మావయ్య గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను అమ్మ వెనక కూర్చుని విన్నాను. వింటే వచ్చేస్తుందని చెప్పాను కదా.

మూడో రోజు గిన్నెలు తోముతూ నాకు తెలియకుండానే అది పాడేశాను. అమ్మ చేతిలో ఉన్న గరిటెతో వీపు మీద ఒక్కటి వేసింది.

"నోరు ముయ్యే గుంటా! ఎవులింట్లో పీనుగు లేసిందని పాడతన్నావు? అది మీ అత్త ఏడుపు. ఆ గుమ్మంలోనే ఒగ్గీయాల."

వదిలేయడం నా చేతిలో ఉంటే కదా. నోరు మూసుకున్నాను, అంతే.

ఆ తరవాత అత్త పాట ఎత్తలేదు. ఊడుపుకి వచ్చేది, వరసలో నిలబడేది, అందరికంటే వేగంగా నాటేది, నోరు మాత్రం విప్పేది కాదు. వేరే వాళ్ళు ఎత్తబోయారు గానీ నిలబడలేదు. మా వరస రెండేళ్ళు మూగగా నాటింది. పన్నెండో ఏట నన్ను కూడా వరసలో దింపారు. ఒకరోజు ఎండ నడినెత్తికి వచ్చి అందరూ నీరసపడ్డాక, అత్త వంగిన నడుం ఎత్తకుండానే మోచేత్తో నన్ను పొడిచింది.

"ఒలే, ఎత్తు."

"నానా?"

"నువ్వే. నీకన్నీ వచ్చునని నాకు తెల్దేటి? ఎత్తు బేగి."

ఎత్తాను. చరణం అవగానే నా పక్క నుంచి ఆ బొంగురు గొంతు వంత అందుకుంది. నాకు వంత పలికిన మొదటి గొంతు అదే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తరవాత ఏ చప్పట్లకీ కలగలేదు. ఇది వినయం కోసం చెప్పడం లేదు.

ఆ మడిలోంచి నేను స్టేజీ మీదకి ఎలా వచ్చానంటే, ముందు బడిలో పాడాను, తరవాత చదువు గురించి ఊరూరా ప్రచారం చేసే బృందంలో పాడాను. ఒకసారి నర్సీపట్నంలో పాడుతుంటే బస్టాండు దగ్గర కేసెట్ల షాపు నడిపే పెద్దమనిషి విన్నాడు. వైజాగ్ తీసుకెళ్ళి కేసెట్టు చేయిస్తానని మా నాన్నతో మాట్లాడాడు. అప్పటికి నాకు పంతొమ్మిది. ఊరు ఊరంతా నవ్వింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. అత్త మాత్రం పెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి ఎర్ర పట్టుచీర తీసి నాకు కట్టింది. కుచ్చిళ్ళు సర్దుతూ, "సల్ల నీళ్ళు తాగకు, గొంతు పట్టీస్తాది. నువ్వు పాడేటప్పుడు ఎవుల మొకమూ సూడకు" అని చెప్పింది.

స్టూడియోలో నా పరువు మొదటి పాటకే పోయింది. ఒక చరణం పాడి ఆగాను. గాజు అవతల నుంచి రికార్డింగ్ ఆయన, "ఏమ్మా, మర్చిపోయారా?" అన్నాడు. "లేదండీ, వంత కోసం ఆగాను" అన్నాను. "ఇక్కడ వంతకి ఎవరున్నారమ్మా?" అని ఆయన నవ్వు. నాకేమో వంత లేకుండా తరవాతి మాట నోట్లోకి రాదు. చివరికి డోలక్ ఆయన్నీ, టీ తెచ్చినాయన్నీ నా వెనక నిలబెట్టి పలికించారు. టీ ఆయన గొంతు బాగుంది. కేసెట్టు మొత్తం ఉన్నాడు, పేరు మాత్రం వేయలేదు.

సాయంత్రానికి ఏడు పాటలయ్యాయి. ఇంకొకటి తగ్గింది. "బి సైడు చివర ఖాళీ తిరిగితే కొన్నవాళ్ళు నన్ను తిడతారమ్మా, ఏదో ఒకటి పాడెయ్" అన్నాడు షాపు ఆయన. నా దగ్గర పాటలు లేక కాదు. ఇంకో పది ఊడుపుల పాటలు ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం ఇది: అప్పటిదాకా గాజు అవతల వాళ్ళు తలలు ఊపారు, అంతే. వాళ్ళ కళ్ళలో నీళ్ళు తెప్పించాలని నాకు పట్టుదల వచ్చింది. పదేళ్ళు నోట్లో దాచుకున్నది ఎత్తుకున్నాను.

*పొద్దుగూకిందిరా కొడకా, పక్కేసినానురా,*
*సెవి పట్టుకోందే నీకు కన్ను మూతడదురా,*
*ఎవుల సెవట్టుకుని తొంగున్నావురా నాయినా...*

దానికి వంత అక్కర్లేదు. డోలక్ ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకా ఒక ముక్క ఉందనగా, టేపు అయిపోతోంది చాలు చాలని రికార్డింగ్ ఆయన చెయ్యి ఊపాడు. ఆపేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

కేసెట్టు అట్ట మీద ఎర్ర పట్టుచీరలో నా ఫోటో, కింద "సేకరణ, గానం" అని నా పేరు. సేకరణ అట! పక్కింట్లో దొంగిలించి తెచ్చినదానికి ఎంత మర్యాదైన మాట దొరికింది.

ఆ ఏడుపే జనానికి నచ్చింది. మిగతా ఏడు పాటలూ ఎవరికీ గుర్తు లేవు. నాతవరం ఆటోల్లో అదే, రోలుగుంట ఆటోల్లో అదే. ఆటోవాళ్ళు టేపు తిప్పి తిప్పి ఆ పాట దగ్గరికే తెచ్చుకునేవారు. ప్రోగ్రాములు మొదలయ్యాయి. నర్సీపట్నంలో గది తీసుకున్నాను. ఎక్కడ పాడినా చీటీలు వచ్చేవి, అన్నింటిలోనూ ఒకటే: చెవి పాట. కేసెట్లో ఉన్నంతవరకు పాడేదాన్ని. చప్పట్లు కొట్టేవారు.

అమ్మ విన్న రోజున, "నీ నోట్లో అప్పుడే వాత పెట్టాల్సింది" అంది. ఇంకో మాట అనలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరూ నాతో ఆ పాట ఊసెత్తలేదు. శోకంలో మాట కదా, నన్ను తిట్టాలన్నా ఆ మాట ఎత్తాలి. నేను ఊరు వెళితే అత్త ఎప్పటిలాగే పిలిచి అన్నం పెట్టేది, చిక్కిపోయావని దెప్పేది. పాట సంగతి ఏమీ అనేది కాదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అత్త ఇంకా వినలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఏడాదిన్నర అలా గడిచింది. ఒకరోజు నర్సీపట్నం ఆటో స్టాండులో మా ఊరి రూటు ఆటో నడిపే ఆయన నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. పెద్దాయన, అయినా నన్ను మేడమ్ అంటాడు.

"మేడమ్, ఏటనుకోకండి. మీ అత్తగారు మా ఆటో ఎక్కడం మానీసినారండి. ఎవులిదీ ఎక్కరు. గంప నెత్తినెట్టుకుని బజారుకి నడిసే వస్తన్నారు."

కొడుకు పోయాక మావయ్య కాలవ పని మానేసి పెరట్లో కూరపాదులు పెట్టాడు. పొద్దున్నే తోటకూరా ఆనపకాయలూ గంపకెత్తి, అత్త తల మీద పెట్టి పంపేవాడు. మా ఊరి నుంచి నర్సీపట్నం రెండు గంటల నడక.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మీ పాట వచ్చినకాణ్ణుంచేనండి. ఫస్టు మా ఆటోలోనే ఇన్నారు. సెవి మాట వచ్చేసరికి కళ్ళొత్తుకుని, 'ఎవులో తల్లి, కొడుకుని పోగొట్టుకున్నాది పాపం' అన్నారు. నాను నవ్వి, 'అదేటమ్మా, పాడింది మీ మేనకోడలే గదా' అన్నాను. అంతేనండి. పాట అవకుండానే ఆపమని దిగిపోనారు. మల్లీ ఎక్కనేదు." కొంచెం ఆగి, "నానేటైనా తప్పుగా అన్నానేటండి?" అన్నాడు.

"తప్పు చేసింది మీరు కాదు, నేను" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నేను ఏసీ బస్సుల్లో తిరుగుతుంటే, ఆ పాట తప్పించుకోవడానికి అత్త రోజూ ఎండలో గంపతో నడుస్తోంది. ఆ వారంలోనే పాయకరావుపేటలో పెద్ద ప్రోగ్రాం ఒప్పుకుని ఉన్నాను. ఆ పాట తప్పనిసరి అని వాళ్ళు ముందే చెప్పారు. అత్త కాదంటే అది మానుకోవాలి. అది మానుకుంటే నన్ను పిలిచేవాళ్ళుండరు. రెండూ తెలుసు నాకు. అయినా అత్త ముఖం చూడకుండా ఇంకో మాట పాడలేననిపించింది.

మర్నాడు పొద్దున్నే మా ఊరి వైపు బయల్దేరాను. సగం దారిలోనే ఎదురొచ్చింది. రోడ్డు వారగా, తలమీద గంప, అడుగు తడబడకుండా. ఆటో దిగి పక్కన నడిచాను. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు.

"ఏటే, పొద్దున్నే? ఏటైనా తిన్నావా?"

"తప్పు సేసినాను అత్తా. ఆ పాట ఇంక పాడను." ఊరి మాట దానంతట అదే వచ్చింది, ఏడుపు కూడా.

అత్త నడక ఆపలేదు. కొంత దూరం పోయాక అంది.

"నానేటి ఏడ్సినానో నాకే గుర్తు నేదే. ఒక్క ముక్క గుర్తు నేదు. సెవి మాట ఇని, ఎవులో గుంటడు మావోడి నాగే సెవట్టుకునేవోడు గావాల అనుకున్నాను. ఆడిని మల్లీ సూసినట్టుండింది." ఒక చేత్తో గంప సర్దుకుంది. "పాడుకో. తిండెట్టే పాటని ఒగ్గీమని నానెందుకంటాను?"

"మరి ఎందుకు నడుస్తన్నావు?"

ముందు కల్వర్టు వచ్చింది. గంప దింపమంది. దించాను. గోడ మీద కూర్చుని పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"సెవి మాట తరవాత ఏటున్నాది?"

"కేసెట్టు అక్కడితో అయిపోద్ది అత్తా."

"కేసెట్టు కాదే. ఆయేల నానేటన్నాను? నీకు తెలుసు. సెప్పు. పాడకు, ఉత్తినే సెప్పు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ ఏ మాటకి భయపడి ఆటో దిగిపోయిందో. పాటలో తరవాత అదే వస్తుందేమోనని, ఊరంతా తిరిగే ఆటోల్లో అది మావయ్య చెవిన పడుతుందేమోనని భయం. అది ఉందో లేదో వినే ధైర్యం లేక ఏడాదిన్నర నడిచింది. నేను ఏమీ లేదని బొంకొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ మాట ఆవిడ అడుగుతుంటే దాచడానికి నేనెవరిని? నేల చూస్తూ, రాగం లేకుండా, ఒక్కో మాటా చెప్పాను.

*ఎల్లొద్దే అమ్మా అని కొంగట్టుకున్నావురా,*
*నీ ఏళ్ళిడిపించుకుని ఊడుపుకెల్లినానురా,*
*ఒళ్ళు కాలతన్నా ఒగ్గీసి ఎల్లినానురా...*



"పైకే అన్నానేటి?"

"అన్నావత్తా."

"మీ అమ్మ ఇన్నాదా?"

"ఇన్నాది. అందరూ ఇన్నారు."

"ఒక్కత్తీ నన్నేటీ అన్నేదే ఇన్నాళ్ళూ." ఆ మాట తనతో తనే అనుకుంది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. పట్టు బిగుసుకుంది. "మీ మావ అప్పటికి రానేదు గదా? కాలవ మీదున్నాడు గదా?"

"వచ్చీసినాడు అత్తా. గుమ్మం కాడే నిలబడున్నాడు."

"ఇన్నాడా?"

"ఇన్నాడు."

 

"నాను ఇంటికాడే ఉన్నానని సెప్పినాను మీ మావతో. ఉన్నట్టుండి జొరం పెరిగిపోనాదని సెప్పినాను. పన్నెండేళ్ళే. ఆడికి తెలుసునే. రోజూ నా నెత్తిన గంపెడతాడు. ఒక్క మాటన్నేదే మీ మావ."

ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే లేచింది. చీర దులుపుకుంది. నర్సీపట్నం వైపు కాకుండా ఊరి వైపు చూసింది.

"గంప నువ్వు తీసుకెల్లి అమ్మీయే," అంది. "ఆటో ఆపు. బేగి ఇంటికెల్లాల నాను."